దంతములు చెప్పిన రహస్యము

“నోరు మంచిదైతే ఊరు మంచిదవును” అని తెలుగువారి సామెత. మాట మృదువుగా నున్నచో చుట్టునున్న లోకమంతయు మిత్రమగునని దాని భావము. ఈ సామెతను త్రిప్పి చెప్పినను అందొక గొప్ప సత్యము కలదు. ఊరు మంచిదైననే, అనగా ఊరివారు త్రాగు నీరు మంచిదైననే, ఆ ఊరి పిల్లల నోరు మంచిదగును. ఈ సత్యము ఒక్కనాడు తెలిసినది కాదు. దీనిని కనుగొనుటకు ఒక దంతవైద్యుడు ముప్పది సంవత్సరములు పాటుపడెను.

ఆయన పేరు ఫ్రెడరిక్ మెకే. అమెరికా దేశమున దంతవైద్య విద్యను ముగించుకొని, 1901వ సంవత్సరమున ఆయన కొలరాడో స్ప్రింగ్సు అను పట్టణమునకు వచ్చి వైద్యము ప్రారంభించెను. అచ్చటి వారి నోళ్లు చూచి ఆ యువకుడు ఆశ్చర్యపడెను. ఆ పట్టణమున పుట్టి పెరిగిన వారిలో పెక్కుమంది దంతములపై గోధుమవన్నె మచ్చలుండెను. కొందరి దంతములు చాకొలెట్టు పూసినట్లు కనబడుచుండెను. ఎంత తోమినను ఆ మచ్చలు పోకుండెను. అవి పైనుండి అంటినవి కావు; దంతముతోడనే పుట్టినవి.

కారణమేమని అడుగగా ఊరివారు తలకొక మాట చెప్పిరి. పందిమాంసము ఎక్కువగా తినుట వలన అని కొందరు, పాలు మంచివి కాకపోవుట వలన అని కొందరు, నీటిలో సున్నము ఎక్కువగుట వలన అని మరికొందరు పలికిరి. మెకే ఏ మాటను నమ్మలేదు. ఏ మాటను త్రోసివేయలేదు. వైద్యగ్రంథములు వెదకెను. వానిలో ఈ మచ్చల ప్రస్తావనయే కనబడలేదు.

1909వ సంవత్సరమున దంతవైద్య శాస్త్రమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన గ్రీన్ వర్డిమన్ బ్లాక్ అను పండితుడు ఆయనకు తోడుగా వచ్చెను. 1915వ సంవత్సరమున మరణించువరకు బ్లాక్ ఈ పరిశోధనను విడువలేదు. వారిరువురి శ్రమ వలన రెండు విషయములు తేటపడినవి. మొదటిది: స్థిరదంతములు మచ్చలేక పూర్తిగా గట్టిపడిన పిమ్మట ఆ పట్టణమునకు వచ్చినవారికి మచ్చలు కలుగుట లేదు. రెండవది మరింత వింత: మచ్చలుగల ఆ దంతములు పుచ్చిపోవుట చాల అరుదు. చూచుటకు వికారము, పుచ్చుటకు కఠినము! ఇందలి రహస్యమేమో ఆనాడు ఎవరికిని బోధపడలేదు.

మొదటి విషయమును గ్రహించుటకు దంతము పుట్టుక తెలిసికొనవలెను. శిశువు నోట దంతము కనబడక పూర్వమే అది చిగురు క్రింద దవడలో తయారగుచుండును. పాలదంతములు ఇరువది. స్థిరదంతములు ముప్పది రెండు. ఈ స్థిరదంతములలో చాలవాని పైభాగము పుట్టుక మొదలు సుమారు ఎనిమిదేండ్లలోపుననే నిర్మితమగును. దంతముపై కవచము వలె నుండు తెల్లని పొరను పింగాణి పొర యందురు. మానవదేహమున దానికంటె గట్టి పదార్థము మరియొకటి లేదు. అయినను దానికొక లోపము కలదు. చర్మము తెగినచో మరల అతుకును. ఎముక విరిగినచో మరల కూడుకొనును. పింగాణి పొర ఒకసారి గుంటపడినచో మరల పెరుగదు. దానిని నిర్మించిన కణములు దంతము బయటికి వచ్చుటతోనే నశించిపోవును. కావున బాల్యమున ఏర్పడిన దంతమే జీవితాంతము వెంటవచ్చును.

మెకే అన్వేషణ ఇంకను సాగెను. 1923వ సంవత్సరమున ఆయన ఇడాహో రాష్ట్రమునందలి ఓక్లీ అను చిన్న ఊరికి వెళ్లెను. ఆ ఊరి తల్లిదండ్రులు తమ పిల్లల దంతములపై మచ్చలు చూచి కలతపడుచుండిరి. ఐదు మైళ్ల దూరమున నున్న ఒక వేడినీటి ఊట నుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చుకొన్న కొలదికాలమునకే మచ్చలు కనబడ మొదలిడినవని వారు చెప్పిరి. మెకే ఆ నీటిని పరీక్షింపజేసెను. దోషమేమియు కానరాలేదు. అయినను ఆయన, “ఈ గొట్టమును విడిచి, మరియొక ఊటనీటిని పిల్లలకు త్రాగించుడు” అని సలహా నొసగెను. ఊరివారు వినిరి. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి, చిన్నపిల్లలకు కొత్తగా వచ్చిన స్థిరదంతములు మచ్చలేక తెల్లగా మొలచెను. దోషము పేరు తెలియలేదు గాని, దోషము నీటిలోనే కలదని రుజువైనది.

పేరు తెలియుటకు మరి కొంతకాలము పట్టెను. ఆర్కన్సా రాష్ట్రమునందలి బాక్సైటు అను ఊరు అల్యూమినియము కంపెనీవారు నిర్మించినది. అచ్చటి పిల్లలకును ఇవే మచ్చలుండెను. ఐదు మైళ్ల దూరమున నున్న పొరుగూరి పిల్లలకు లేకుండెను. ఈ వార్త ఆ కంపెనీ ప్రధాన రసాయన శాస్త్రజ్ఞుడగు చర్చిల్ చెవిని పడెను. అల్యూమినియము పాత్రలు ఆరోగ్యమునకు చెరుపు చేయునని ఆ దినములలో కొందరు ప్రచారము చేయుచుండుటచే, ఆయన ఊరి నీటిని మిక్కిలి సూక్ష్మముగా పరీక్షింపజేసెను. నీటిలో ఫ్లోరైడు అధికముగా నున్నట్లు తేలెను. ఆయన మొదట నమ్మలేక మరియొకసారి నీరు తెప్పించి పరీక్షింపజేసెను. ఫలితము మారలేదు. 1931వ సంవత్సరమున ఈ సంగతి మెకేకు ఉత్తరము ద్వారా తెలిసెను. మచ్చలుగల ఇతర గ్రామముల నీటిలోను అదియే కనబడెను. ముప్పది సంవత్సరముల ప్రశ్నకు అట్లు సమాధానము లభించెను.

ఇక రెండవ వింత మిగిలియుండెను. ఫ్లోరైడు మచ్చలు కలిగించినచో, అదియే దంతము పుచ్చకుండ కాపాడుటెట్లు? ట్రెండ్లీ డీన్ అను వైద్యుడు ఊరూరి నీటిని కొలిచి, ఊరూరి పిల్లల నోళ్లు పరీక్షించి, కీలకమంతయు కొలతలో నున్నదని గ్రహించెను. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉన్నచో, చాలమందికి చూడ వికారమగు మచ్చలు రావు. దంతక్షయము మాత్రము తగ్గును. 1945వ సంవత్సరము జనవరి 25వ తేదీన అమెరికాలోని గ్రాండ్ రాపిడ్సు నగరపు నీటిలో ఆ కొలత ప్రకారము ఫ్లోరైడు కలిపిరి. పదునొకండేండ్ల తరువాత చూడగా, అటుపిమ్మట పుట్టిన పిల్లలలో దంతక్షయము నూటికి అరువది పాళ్లకు మించి తగ్గియుండెను. తరువాతి కాలమున పండ్ల పేస్టుల ద్వారా కూడ ఫ్లోరైడు లభించుచుండుటచే, 2015వ సంవత్సరమున అమెరికా ఆరోగ్యశాఖ ఆ కొలతను 0.7 మిల్లీగ్రాములకు తగ్గించెను.

అమెరికాలోని కొన్ని ఊళ్లకు ఫ్లోరైడు కలుపవలసి వచ్చినది. తెలుగునాట కొన్ని ఊళ్లకు దానిని తీసివేయవలసి వచ్చినది. 1937వ సంవత్సరమున నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో, త్రాగునీటియందలి ఫ్లోరైడు వలన దంతములే గాక ఎముకలును చెడుచున్నవని వైద్యశాస్త్రజ్ఞులు గుర్తించిరి. భారతదేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగా వెల్లడించుట అదియే ప్రథమము. నల్లగొండ జిల్లా ఈ బాధను మరింత తీవ్రముగా అనుభవించెను. అచ్చటి నల్లరాతి నేలలోని ఫ్లోరైడు భూగర్భజలమున కలియును. ఆ నీటిని ఏండ్లతరబడి త్రాగినవారిలో కొందరి వెన్ను వంగిపోయెను. కాళ్లు వంకరలు తిరిగెను. పిల్లలు నవ్వవలసి వచ్చినప్పుడు మచ్చలు కనబడునని పెదవులు మూసికొనిరి.

ఫ్లోరైడు నీటిని కాచిన పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. పటికయు సున్నమును తగిన పాళ్లలో కలిపి, కలియబెట్టి, తేర్చి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిరి. సూక్ష్మజీవులు నశించుటకు అందు బ్లీచింగు పొడిని కూడ వాడుదురు. దీనికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. బాధపడిన జిల్లా పేరే నివారణమార్గమునకు పేరై లోకమున వ్యాపించినది. అంతకంటె మేలైన మార్గము నదీజలమును తెచ్చుట. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమున మిషన్ భగీరథ పథకమును ప్రారంభించి, శుద్ధిచేసిన నదీజలమును గొట్టముల ద్వారా గ్రామములకు చేర్చుట కుపక్రమించెను. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అంగీకరింపవచ్చును.

నీరు ఊరి బాధ్యత. కాని నీరు మంచిదైనంత మాత్రమున పని ముగియదు. మిగిలిన సగము పిల్లలచేతిలో నున్నది. అందరి నోటను సూక్ష్మజీవులుండును. దంతములపై పాచిగా పేరుకొని, మనము తిన్న తీపిని అవియు తిని ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణి పొరలోని ఖనిజమును కరగించును. లాలాజలము కొంతసేపటికి ఆమ్లమును చల్లార్చి, పోయిన ఖనిజమును కొంతవరకు తిరిగి చేర్చును. ఈ మరమ్మతు పనిలో ఫ్లోరైడు సాయపడును. రోజుకు పదిమారులు జీడీలో, బిస్కట్లో, తీపి పానీయములో పుచ్చుకొను బాలునకు మరమ్మతు జరుగుటకు వ్యవధి దొరకదు. కరగుటయే గాని కూడుట లేక, తుదకు పన్ను గుంటపడును. కావున తీపి ఎంత తినిరను దానికంటె ఎన్నిమారులు తినిరను లెక్క ముఖ్యమైనది. భోజనముతో తిన్న మిఠాయి కంటె, గంటగంటకు చప్పరించు చాకొలెట్టు ఎక్కువ హాని చేయును.

ఉదయమున పండ్లు తోముకొనుట మనవారికి అనాదిగా ఉన్న అలవాటు. రాత్రి తోముకొనుట పెక్కిండ్లలో లేదు. నిద్రలో లాలాజలము తగ్గుటచే నోటిలోని ఆమ్లమును చల్లార్చువారుండరు. అందుచే రెండింటిలో రాత్రి తోముటయే మరింత అవసరము. కచికయు, ఇటుకపొడియు, బొగ్గుపొడియు పింగాణి పొరను అరుగదీయును. మెత్తని బ్రష్షును, ఫ్లోరైడు గల పేస్టును వాడుట మేలు. మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్లలోపు వారికి బఠాణీగింజంత పేస్టు చాలును. దానిని మ్రింగక ఉమ్మివేయవలెను. నీటిలో ఫ్లోరైడు అధికముగా నున్న గ్రామమువారు పిల్లల పేస్టు విషయమున దంతవైద్యుని సలహా పొందుట మంచిది. ఇచ్చటను కొలతయే ముఖ్యము.

ఆరవయేట ఒక సంగతి జరుగును. పాలదంతము లేవియు ఊడకయే, వాని వెనుక పెద్ద దంతమొకటి ప్రతి దవడకు ఇరువైపుల మొలచును. పెద్దలు పెక్కుమంది దానిని పాలదంతమని తలచి, పుచ్చినను ఊడి మరల వచ్చునని ఉపేక్షింతురు. అది మరల రాదు. అది స్థిరదంతము. లోతైన గాళ్లు కలిగియుండుటచే అది తొందరగా పుచ్చును. కావున మొలచినది మొదలు దానిని శ్రద్ధగా తోమవలెను. పాలదంతములను కూడ చులకన చేయరాదు. అవి కాలము రాకముందే పోయినచో, వాని వెనుక రావలసిన స్థిరదంతములు త్రోవ తప్పి వంకరగా మొలచును.

యౌవనము అంకురించు వయస్సున చిగుళ్లు త్వరగా వాచి, తోమునప్పుడు నెత్తురు కనబడవచ్చును. నెత్తురు చూచి భయపడి తోముట మానుదురు. అది పొరపాటు. పాచి నిలుచుటయే వాపునకు కారణము కావున మరింత మృదువుగా, మరింత శ్రద్ధగా తోమవలెను. ఆ వయస్సుననే వక్కపలుకులు, గుట్కాలు నోట వేసికొను దురలవాటు కొందరికి అంటుకొనుచున్నది. వక్క వలన బుగ్గల లోపలి చర్మము బిగిసి, నోరు తెరచుటయే కష్టమగును. పొగాకు చేరినచో కాన్సరుకు త్రోవ ఏర్పడును. నల్లగొండ పిల్లలు తెలియక త్రాగిన నీటివలన దంతముల వన్నె పోగొట్టుకొనిరి. తెలిసి తెలిసి నోటిని చెరుపుకొనువారిని ఏమనవలెను?

ఓక్లీ గ్రామమున కొత్త నీరు త్రాగి పెరిగిన చిన్నపిల్లలు తెల్లని దంతములతో నవ్విరి. వారి అన్నలకు, అక్కలకు మాత్రము ఆ భాగ్యము లేకపోయెను. నీరు మారినను వారి దంతములు అప్పటికే ఏర్పడియుండెను. దంతరక్షణకు ఆలస్యము పనికిరాదని ఆ అన్నదమ్ముల నోళ్లే సాక్ష్యము పలుకుచున్నవి. మంచి నీటిని తెచ్చుట ఊరి పని. ఆ నీటితో రాత్రి నోరు కడుగుకొని పండుకొనుట పిల్లల పని. ఈ రెండును కలిసిననాడు నోరును మంచిదగును, ఊరును మంచిదగును.