సీమ చింత: పేరు చింత, చుట్టరికం తుమ్మతో



ఎండలు మొదలయ్యే రోజుల్లో ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల పొలం గట్ల మీద, పాత కంప కంచెల వెంట సీమ చింత చెట్లు కాయలతో కనిపిస్తాయి. చుట్టలు తిరిగిన కాయ, లోపల తెల్లగానో గులాబీ రంగులోనో ఉండే వగరు తీపి గుజ్జు, నల్లగా మెరిసే గింజలు. మీలో చాలామంది చిన్నప్పుడు కొక్కెం కట్టిన కర్రతో ఈ కాయలు కోసుకుని తిన్నవారే. మీ పిల్లల్లో చాలామందికి మాత్రం ఇవి రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే కాయలుగానే తెలుసు. చెట్టును చూపిస్తే గుర్తుపట్టలేరు.

ఇటీవల సైన్స్ క్లాసులో బల్ల మీద రెండు కొమ్మలు పెట్టాం. ఒకటి చింత, ఇంకొకటి సీమ చింత. రెండింటి పేర్లూ చెప్పి, వీటి మధ్య చుట్టరికం ఏమిటో రాయమన్నాం. దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు: "సీమ చింత ఒక రకం చింత చెట్టు." తర్వాత పుస్తకం మూసేసి, పది నిమిషాలు కొమ్మలను మాత్రమే చూడమన్నాం. ఆకులు లెక్కపెట్టారు, ముళ్లు తడిమి చూశారు, కాయలు ఒలిచారు. చాలామంది తాము రాసిన జవాబును తామే కొట్టేసుకున్నారు. ఈ నెల పాఠం ఆ పది నిమిషాల గురించే.

చెట్టును వర్ణించే పద్ధతి

వృక్షశాస్త్రంలో చెట్టును వర్ణించడానికి ఒక వరుస ఉంది. ముందు చెట్టు ఆకారం, తర్వాత ఆకు, పువ్వు, కాయ, గింజ. ఈ వరుస తప్పకపోతే ఏదీ మర్చిపోము. సీమ చింతను అలాగే చూద్దాం.

చెట్టు: సాధారణంగా 10 నుంచి 15 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. బెరడు బూడిద రంగులో ఉండి, వయసు పెరిగేకొద్దీ గరుకుగా మారుతుంది. కొట్టినా మళ్లీ చిగురిస్తుంది, మేకలు మేసినా తట్టుకుంటుంది. పాలమూరు రైతులకు ఇది కంచె చెట్టుగా పనికొచ్చింది అందుకే.

ముళ్లు: ఆకు మొదట్లో రెండేసి చిన్న ముళ్లు జంటగా ఉంటాయి. చాలా మొక్కలకు ఆకు కాడ మొదట్లో రెండు చిన్న రేకుల్లాంటి భాగాలు ఉంటాయి. వాటిని పత్రపుచ్ఛాలు అంటారు. సీమ చింతలో అవే ముళ్లుగా మారాయి. ముళ్లు లేని చెట్లు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి.

ఆకు: కాడ చివర రెండు పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ చివర రెండేసి చొప్పున మొత్తం నాలుగు చిన్న ఆకులు ఉంటాయి. పిల్లలు వీటిని నాలుగు ఆకులు అంటారు. నిజానికి అది ఒకే ఆకు, దానికి నాలుగు పత్రకాలు. తేడా కనిపెట్టడం సులువు. అసలు ఆకు కాడ కొమ్మను కలిసే చోట మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు.

పువ్వు: చలికాలంలో కొమ్మల చివర సెంటీమీటరు వెడల్పున తెల్లటి దూది ఉండల్లాంటివి పూస్తాయి. ఒక్కో ఉండ ఒక పువ్వు కాదు, చాలా చిన్న పువ్వుల గుంపు. దూదిలా కనిపించేవి కేసరాలు.

కాయ: 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టుగా ఉండి, చుట్ట తిరుగుతుంది. పండినప్పుడు పచ్చరంగు ఎర్రబారుతుంది, కాయ దానంతట అదే పగులుతుంది.

గింజ: నల్లగా, నున్నగా, బల్లపరుపుగా ఉంటుంది. మనం తినే మెత్తటి భాగం కాయ గుజ్జు కాదు, గింజను అంటిపెట్టుకుని పెరిగే తొడుగు. దీన్ని ఎరిల్ అంటారు. వంటింట్లో ఇలాంటిది ఇంకొకటి ఉంది. బిర్యానీలో వేసే జాపత్రి కూడా జాజికాయ గింజ మీద పెరిగే తొడుగే. సీమ చింతలో ఈ తొడుగు పక్షులకు ఇచ్చే కూలి లాంటిది. అవి దాన్ని తిని గింజలను దూరంగా వదిలేస్తాయి. గట్ల మీద ఎవరూ నాటని సీమ చింత మొక్కలు చాలావరకు అలా మొలిచినవే.

చింతతో పోల్చి చూస్తే

ఇప్పుడు పక్కనే చింత కొమ్మను పెట్టండి. చింత ఆకు కాడకు రెండు వైపులా పది జతలకు పైగా సన్నటి పత్రకాలు ఉంటాయి. ముళ్లు ఉండవు. పువ్వులు దూది ఉండల్లా కాకుండా, ఎర్ర చారలున్న పసుపు రేకులతో విడివిడిగా పూస్తాయి. కాయ దానంతట అది పగలదు. మనం తినేది గింజ తొడుగు కాదు, కాయలోని గుజ్జే.

ఈ రెండూ చిక్కుడు కుటుంబానికి చెందినవే. అయితే ఆ కుటుంబం చాలా పెద్దది. అందులో పల్లి, కంది, శనగ కూడా ఉన్నాయి. తుమ్మ పువ్వును ఒకసారి గుర్తు చేసుకోండి. రంగు పసుపు, కానీ అమరిక అదే దూది ఉండ. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి పువ్వు కూడా అంతే. సీమ చింతకు దగ్గరి చుట్టాలు తుమ్మ, అత్తిపత్తి. చింత దూరపు చుట్టమే. చుట్ట తిరిగిన కాయను, పుల్లటి రుచిని చూసి జనం చింత అని పిలిచారు. శాస్త్రం ఆకును, పువ్వును, గింజను కూడా చూసింది.

ఎక్కడి చెట్టు ఇది?

'సీమ' అంటే ఇక్కడ పరదేశం అని అర్థం. ఉర్దూలోని 'విలాయతీ ఇమ్లీ' అర్థమూ అదే. ఈ చెట్టు సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. అంటే కాకతీయుల కాలంలో మన ఘణపూర్ కోట కట్టిన కూలీలు సీమ చింతకాయ తిని ఉండరు. కొలంబస్ 1492లో అమెరికా వైపు వెళ్లేదాకా ఆ ఖండాల చెట్లు ఇటు రాలేదు. మన పొలాల్లో పండే పల్లి, కూరలో వేసే మిరప, టమాట, ఇంటి ముందరి జామ, బొప్పాయి కూడా ఆ తర్వాత వచ్చినవే.

1565 నుంచి 1815 దాకా స్పెయిన్ ఓడలు మెక్సికోలోని అకపుల్కో రేవుకూ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మధ్య తిరిగాయి. వెండి, పట్టుతో పాటు మొక్కలు, విత్తనాలు కూడా సముద్రం దాటాయి. సీమ చింత అలా ఫిలిప్పీన్స్ చేరి, అక్కడి నుంచి మన దేశానికి వచ్చింది. ఇంగ్లిష్‌లో దీన్ని మనీలా టామరిండ్ అంటారు.

దీని శాస్త్రీయ నామానికి తెలుగు నేలతో సంబంధం ఉంది. స్కాట్లండ్‌కు చెందిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, 1781 నుంచి 1793 దాకా ఇప్పటి కాకినాడ జిల్లా సామర్లకోటలో పనిచేశారు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించారు, చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసి పెట్టారు. కోరమాండల్ తీర మొక్కల మీద ఆయన వెలువరించిన పుస్తకం మొదటి సంపుటంలో, 1798లో, ఈ చెట్టు 'మైమోసా డల్సిస్' అన్న పేరుతో అచ్చయింది. మైమోసా అంటే అత్తిపత్తి ప్రజాతి. చూశారా, ఆయన కూడా చింత పక్కన పెట్టలేదు. 1844లో జార్జ్ బెంథామ్ దీన్ని వేరే ప్రజాతిలోకి మార్చారు. ఇప్పటి పేరు 'పిథెసెల్లోబియం డల్సి'. గ్రీకులో పిథెకోస్ అంటే కోతి, ఎల్లోబియన్ అంటే చెవిపోగు. డల్సి అంటే లాటిన్‌లో తీపి. కోతి చెవిపోగు లాంటి తీపి కాయ! ఈ పేరు చెబితే పిల్లలు మళ్లీ మర్చిపోరు.

ఇక మన సొంతం అనుకునే చింత సంగతి. దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఎంతో కాలం కిందట వచ్చి మన పులుసులో, పచ్చడిలో కలిసిపోయింది. అరబ్బులు దాన్ని 'హిందూ దేశపు ఖర్జూరం' అన్నారు, శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికాలో కూడా మన దేశమే ఉంది. ఒక మొక్క పేరు మనుషులు దాన్ని ఎక్కడ చూశారో, దేనితో పోల్చారో చెబుతుంది. అది ఎక్కడ పుట్టిందో, ఏ కుటుంబానిదో తెలియాలంటే మొక్కనే చూడాలి.

ఈ సెలవుల్లో చేయించండి

1. పిల్లలతో సీమ చింత, చింత, తుమ్మ ఆకులు ఒక్కొక్కటి సేకరించి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టి నోట్‌బుక్‌లో అంటించండి. పక్కన పత్రకాల సంఖ్య, ముళ్లు ఉన్నాయా లేదా, తేదీ, చోటు రాయించండి.

2. చీకటి పడ్డాక చింత ఆకులు ముడుచుకుంటాయి. సీమ చింత ఆకులు ఏం చేస్తాయో టార్చ్ వేసి చూసి రాయమనండి. జవాబు మీరు చెప్పకండి.

3. తాజా గింజలను తడి మట్టిలో వేయండి. కొద్ది రోజుల్లోనే మొలుస్తాయి. రోజూ ఎత్తు కొలిచి రాయించండి.

4. తాతయ్యను, నానమ్మను, అమ్మమ్మను అడిగి, వాళ్ల చిన్నప్పుడు ఈ చెట్లు ఊళ్లో ఎక్కడెక్కడ ఉండేవో ఒక మ్యాప్ గీయించండి. ఇప్పుడున్న చెట్లను వేరే రంగులో గుర్తించమనండి.

జాగ్రత్తలు: ముళ్లుంటాయి కనుక చెప్పులు లేకుండా, పెద్దలు తోడు లేకుండా పంపకండి. కరెంటు తీగల కింద ఉన్న చెట్ల జోలికి పోనివ్వకండి. కాయను ఒలిచి పురుగు లేదని చూసుకున్నాకే తిననివ్వండి. గింజలు తినకూడదు. చిన్నపిల్లలకు గింజ తీసి పెట్టండి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

పేరెంట్స్ మీటింగ్‌లో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "చెట్ల చుట్టూ తిప్పితే మార్కులు వస్తాయా?" అడగడంలో తప్పు లేదు, ఫీజు కడుతున్నది మీరు. సంయుక్త పత్రం అంటే ఏమిటో బట్టీ పట్టిన పిల్లవాడు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాస్తాడు. చేత్తో పట్టుకుని లెక్కపెట్టిన పిల్లవాడు, ప్రశ్న ఎలా తిప్పి అడిగినా రాస్తాడు.

నాలుగో పనిని మాత్రం వాయిదా వేయకండి. పొలాలు ప్లాట్లుగా మారిన చోట కంప కంచెలు పోయి గోడలు వస్తున్నాయి. కంచెతో పాటు చెట్టూ పోతోంది. అది ఎక్కడ ఉండేదో చెప్పగల పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. స్కూలు తెరిచాక ఆ మ్యాపులను పిల్లలతో పంపండి, క్లాసు గోడ మీద పెడతాం.