మబ్బుల లేవాలంటే ఏం చేయాలి?



"పొద్దుగాల లేచి చదువుకోండి" అని మీకు చెప్పని సారు లేడు, చెప్పని టీచరమ్మ లేదు. కాని ఎట్లా లేవాలో, లేచి ఏం చేయాలో మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. నేను కూడా చెప్పలేదు. అందుకే ఈసారి గోడ పత్రికలో ఈ పాఠం రాస్తున్నాను.

నిజానికి మబ్బుల లేవడం మీకు కొత్త కాదు. భూపాలపల్లి దిక్కు అడవి పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇప్పపువ్వు సంగతి బాగా తెలుసు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పువ్వు రాత్రి నుంచి తెల్లవారేదాక రాలుతనే ఉంటుంది. అమ్మ గంప పట్టుకొని చీకట్లోనే చెట్టు కిందికి పోతుంది. ఆలస్యమైతే పశువులో, జింకలో, ఎలుగుబంటో తినిపోతాయి. తునికాకు కూడా అంతే. ఎండ ముదరకముందే కోసి, ఇంటికి తెచ్చి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేర్చాలి. మహబూబాబాద్ దిక్కు తండాల్లో మిర్చి ఏరే రోజుల్లో, జనగామ దిక్కు పాలు పోసే ఇండ్లల్లో ఎవరైనా ఏడింటిదాక పండుకుంటారా?

అయితే ఒక ప్రశ్న. ఇప్పపువ్వుకు పోయే అమ్మ రాత్రి ఎన్ని గంటలకు పండుకుంటుంది? ఎనిమిదింటికల్లా అన్నం తిని, గిన్నెలు కడిగి నడుం వాలుస్తుంది. మనం అమ్మ లేచే టైము చూసినం గాని, పండుకునే టైము చూడలేదు.

నేను చేసిన తప్పు ఇదే. ఒక సంవత్సరం పదో తరగతి పిల్లలకు నేను డ్యూటీ టీచరుగా ఉన్నాను. పరీక్షలు దగ్గర పడ్డయని భయంతో రాత్రి 11 దాక చదివించి, తెల్లవారుజామున 4 గంటలకు బెల్లు కొట్టించేవాడిని. వరుసగా కూర్చున్న పిల్లలను చూసి చాలా సంతోషపడ్డాను. ప్రీ-ఫైనల్ లెక్కల పరీక్షలో బాగా చదివే ఒక పిల్లవాడు సగం పేపరు రాసి, బల్ల మీద తలపెట్టి నిద్రపోయాడు. లేపితే "అన్నీ వచ్చు సార్, కండ్లు మూతపడుతున్నయి" అన్నాడు. వాడిని కోప్పడ్డాను కూడా. తప్పు వాడిది కాదని తర్వాత లెక్క వేస్తే తెలిసింది. 11 నుంచి 4 వరకు 5 గంటలే కదా! 13 నుంచి 18 ఏండ్ల వయసు వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని, 6 నుంచి 12 ఏండ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. నేను వాడి నిద్రలో రోజూ కనీసం 3 గంటలు దొంగిలించాను.

నిద్రలో టైము వృథా అవుతుందని అనుకోవద్దు. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అర్థం లేని అక్షరాల ముక్కలను బట్టీ పట్టించి, ఆ తర్వాత కొన్నిసార్లు నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మేలుకొని ఉంచారు. నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. అంటే రాత్రి చదివినదాన్ని మెదడు నిద్రలో భద్రపరుచుకుంటుందన్న మాట.

మరి కోడికి గడియారం ఎవరిచ్చారు? తూర్పు తెల్లబడకముందే కూస్తుంది కదా! జపాన్ శాస్త్రవేత్తలు కోళ్ళను ఎప్పుడూ ఒకే మసక వెలుతురు ఉండే గదిలో ఉంచి చూశారు. బయట తెల్లవారిందో లేదో వాటికి తెలియదు. అయినా ఆ వేళకే కూశాయి. 2013లో ఈ సంగతి ప్రకటించారు. అటువంటి గడియారమే మన ఒంట్లోనూ ఉంది. అది కణాల్లో ఎట్లా నడుస్తుందో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. (వేగుచుక్కను నమ్ముకొని లేస్తామనే వాళ్ళు జాగ్రత్త! అది శుక్రగ్రహం. కొన్ని నెలలు తెల్లవారుజామున, కొన్ని నెలలు సాయంత్రం కనబడుతుంది. కోడే నయం.)

ఈ గడియారానికి తాళం చెవి వెలుతురు. పొద్దున వెలుతురు కండ్లలో పడితే అది ముందుకు సర్దుకుంటుంది. రాత్రి బాగా వెలుతురు చూస్తే వెనకకు జరుగుతుంది. మీ వయసులో అది మామూలుగానే కొంచెం వెనక నడుస్తుంది. చిన్న పిల్లలకు 8 గంటలకే నిద్ర వస్తే, మీకు 10 అయినా రాదు. ఇది బద్ధకం కాదు, వయసు. సెలవులకు ఇంటికి పోయి అర్ధరాత్రి దాక సెల్‌ఫోన్ చూసి వస్తే, ఇక్కడ వారం రోజులు ప్రార్థనలో తూగుతారు. కారణం ఇప్పుడు అర్థమైందా?

కావున మార్పు పొద్దున కాదు, రాత్రి మొదలుపెట్టాలి. 10కి పండుకునేవాళ్ళు ఒక్కసారే 9కి పండుకుంటే నిద్ర రాదు, ముచ్చట్లు వస్తాయి. రెండు మూడు రోజులకొకసారి ఒక పావుగంట ముందుకు జరపండి. 9కి లైటు తీసేసి 5కి లేస్తే 8 గంటలు పూర్తి. ఆదివారం కూడా అదే టైము. ఇది కష్టమని నాకు తెలుసు. కనీసం గంట కంటే తేడా రానీయకండి. బకెట్టు, సబ్బు, తువ్వాల, యూనిఫాం రాత్రే ట్రంకు పెట్టె మీద పెట్టుకోండి. పొద్దున మన హాస్టల్లో పోయేది చదువు టైము కాదు, నల్లా దగ్గర లైను టైము! గదుల వారీగా వంతులు వేసుకొని, చిన్నవాళ్ళను ముందు పోనిస్తే అందరికీ మంచిది.

లేవగానే ఒక గ్లాసు నీళ్ళు తాగి బయటికి రండి. జనవరిలో మన దగ్గర సూర్యుడు వచ్చేసరికి 6:45 దాటుతుంది, జూన్ మొదట్లో 5:40కే వస్తాడు. చలికాలంలో ముందు చదువు, తర్వాత గ్రౌండు. ఎండకాలంలో ముందు గ్రౌండు. పీ.ఈ.టి. సారుతో నేను మాట్లాడాను, ఒప్పుకున్నారు.

చదువులో ఒక పద్ధతి చెబుతాను. పొద్దున కొత్త పాఠం తెరవకండి. రాత్రి చదివినదాన్ని పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి. రానిది ఎక్కడ ఉందో చూసి, అదే మళ్ళీ చదవండి. తిరిగి తిరిగి చదివినవాళ్ళకంటే, ఇట్లా తమకు తాము పరీక్ష పెట్టుకున్నవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తున్నదని రోడిగర్, కార్పికే 2006లో చూపించారు. గట్టిగా చదివితేనే చదువు అనుకునేవాళ్ళకు ఇది మొదట నచ్చదు. వారం రోజులు చేసి చూసి అప్పుడు నాతో వాదించండి.

జనగామ నుంచి సికింద్రాబాద్ పోయే రైలులో ఆలేరు దాటినంక భువనగిరి గుట్ట కనబడుతుంది కదా! నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, మీవంటి గురుకులంలోనే చదువుతూ ఆ గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, 14 ఏండ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. ఎవరెస్టుకు పోయేవాళ్ళు చివరి శిబిరం నుంచి రాత్రే బయల్దేరుతారు. మధ్యాహ్నం అయితే గాలి, మంచు పెరిగి దిగడం ప్రమాదం. ఇప్పపువ్వు లెక్కనే దానికీ ఒక వేళ ఉంది.

ఈ పత్రిక కింద మేకుకు ఒక నోటుబుక్కు కట్టాను. పేరు రాయనక్కర లేదు, హాజరు నంబరు చాలు. 15 రోజులు పండుకున్న టైము, లేచిన టైము, క్లాసులో నిద్ర వచ్చిందా లేదా రాయండి. అబద్ధం రాయకండి, ఎవరినీ తిట్టను. మొదటి పేజీలో నా టైములు నేనే రాశాను. నిన్న నేను పండుకున్నది 11:20కి.