మోటుపల్లి అభయశాసనము

పూర్వము ఓడవర్తకులకు నడిసముద్రముకంటె ఒడ్డే భయంకరమై యుండెను. పెనుగాలికి త్రోవ దప్పి పరరాజ్యతీరమున బడిన యోడలలోని బంగారము, గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు మొదలగు సర్వస్వమును అచ్చటి రాజులు బలిమిని గైకొనుచుండిరి. కడలి విడిచినదానిని రాజు విడువడయ్యెను!

కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవున శిలాస్తంభముపై శాసనము వ్రాయించి యీ దురాచారమును మాన్పెను. ప్రాణములకు దెగించి సముద్రయానము చేయువారికి ధనము ప్రాణాధికమని తలంచి, నియతసుంకము దక్క తక్కినదంతయు విడిచెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొకవంతు మాత్రమే.

ఇది కేవలము కరుణయే యని మేము తలంపము. భయము దీరిన రేవునకే యోడలు వచ్చును; ఓడలు వచ్చిననేకదా సుంకము! ఆ శతాబ్దపు కడపట వెనిసు వర్తకుడగు మార్కో పోలో, ముత్ఫిలి యని తాను పేర్కొనిన యీ దేశపు సన్నవస్త్రములను మిక్కిలి కొనియాడెను.