దింపు కార్మికుని దేహధర్మం: ఏభై దాటినవారు చెట్టు ఎక్కవచ్చునా?

కోనసీమలో తోటలున్నవారికే కాక, పెరటిలో నాలుగు కొబ్బరిచెట్లున్న ప్రతి గృహస్థునకు దింపు కార్మికునితో పని పడుతుంది. నెలన్నరకో, రెండు నెలలకో ఒకసారి అతడు వస్తాడు. పాదాలకు తాడు బంధం తగిలించుకొని, నడుమున కత్తి దోపుకొని పైకి వెళతాడు. గెలలు కోసి, ఎండుమట్టలు లాగి, మొవ్వు శుభ్రం చేసి దిగుతాడు. చెట్టుకింత అని కూలి పుచ్చుకొని మరొక ఇంటికి వెళతాడు. అతనికి యజమాని లేడు, జీతపు సెలవు లేదు, పదవీ విరమణ లేదు. ఎక్కని రోజున ఆదాయం లేదు. కావున ఏ వయస్సున చెట్టు మానుకోవాలో అతనికి చెప్పేవారు కూడా లేరు. ఆ సంగతి అతడు తన భుజాలను, మోకాళ్ళను అడిగి తెలుసుకుంటాడు. అవి ఇంకా ఎక్కగలమనే అంటాయి. అడగవలసినది వాటిని కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మానవుని ఆయుర్దాయంలో దశాబ్దానికొక గుణం చొప్పున క్షీణిస్తుందని శార్ఙ్గధర సంహిత చెబుతున్నది. మొదటి పదేళ్ళతో బాల్యం, ఇరవైతో ఎదుగుదల, ముప్పైతో మేనికాంతి, నలభైతో మేధ, ఏభైతో చర్మపు బిగువు, అరవైతో దృష్టి తరుగుతాయని ఆ క్రమం. విక్రమం, అనగా సాహసంతో కూడిన దేహబలం, ఎనిమిదవ దశకంలో గాని చెప్పబడలేదు. మా గురువుగారు ఈ పాఠం చెప్పునపుడు చెట్టెక్కేవారిని ఉదాహరణగా చూపేవారు. కన్ను ముందు పోతుంది, కండ తరువాత పోతుంది, నడుమనున్న ఇరవై ఏళ్ళే ప్రాణాపాయకరమైనవి అనేవారు. నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో ఈ మాట ఎంత నిజమో నేను చూస్తున్నాను. ఏభై అయిదేళ్ళ దింపు కార్మికుని చేతిపట్టు ఇరవై అయిదేళ్ళ గుమస్తా చేతిపట్టుకన్న గట్టిగా ఉంటుంది. ఆ పట్టు చూసుకొని అతడు ధైర్యపడతాడు.

ఎత్తున నిలబడడానికి కండబలం ఒక్కటే చాలదు. కన్ను, లోచెవి, అరికాళ్ళలోను కీళ్ళలోను ఉండే స్పర్శజ్ఞానం, ఈ మూడూ కలిసి దేహాన్ని నిలకడగా ఉంచుతాయని ఆధునిక వైద్యం చెబుతుంది. ఏభై దాటిన తరువాత ఈ మూడూ కొద్దికొద్దిగా మందగిస్తాయి. కంటిలో శుక్లం మొదలైనవానికి వెలుతురుకు ఎదురుగా చూచినపుడు చూపు చెదరుతుంది. చెట్టు మొవ్వులో ఉన్నవాడు చూచేది ఆకాశపు వెలుతురులోకే కదా. మధుమేహం ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారి, బంధం కాండానికి సరిగా ఆనినదో లేదో తెలియదు. లోచెవి దోషమున్నవారికి తల పైకెత్తి వెనుకకు వంచినంతనే లోకం గిర్రున తిరుగుతుంది. మెట్టమీద డబ్బా అందుకోబోయి తల తిరిగిన వృద్ధులు మన ఇళ్ళలోనూ ఉన్నారు. వారు అడుగున్నర ఎత్తులో ఉంటారు, దింపు కార్మికుడు అరవై అడుగుల ఎత్తులో ఉంటాడు.

ఇక్కడ మరొక విషయం గమనింపదగినది. తూర్పు కోస్తా పొడుగు రకం కొబ్బరి ఆరేడేళ్ళకు కాపుకు వచ్చి, అరవై ఏళ్ళకు పైగా బ్రతుకుతుంది. బ్రతికినంత కాలం పైకి పెరుగుతూనే ఉంటుంది. యువకుడుగా ఉన్నపుడు నాలుగు ఊపులలో ఎక్కిన చెట్టే ముప్పై ఏళ్ళ తరువాత మూడింతల ఎత్తై అతని ముందు నిలుస్తుంది. ఇతర వృత్తులలో అనుభవం పెరిగేకొద్దీ పని తేలికపడుతుంది. ఈ వృత్తిలో మనిషి తగ్గుతుండగా పని పెరుగుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను కల్లుగీత కార్మికులకు 50 ఏళ్ళకే పింఛను అర్హత కల్పించడం, చెట్టెక్కే వృత్తిలో వార్ధక్యం ముందుగా వస్తుందని ప్రభుత్వాలు అంగీకరించడమే అనుకుంటాను. వార్ధక్యాన్ని చరకుడు అరవై తరువాత, సుశ్రుతుడు డెబ్బై తరువాత చెప్పారు. కాని వారు సామాన్య జీవనాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పిన లెక్క అది.

నొప్పి మాత్ర అనే శత్రువు

ఇటీవల నా వద్దకు వచ్చిన ఒక దింపు కార్మికునికి ఏభై ఎనిమిదేళ్ళు. కుడి భుజం ఎత్తలేకపోతున్నాడు. మందులషాపులో ఇచ్చిన నొప్పి మాత్ర రెండు నెలలుగా ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి మింగి చెట్లు ఎక్కుతున్నాడు. ఇప్పుడు కడుపులో మంట మొదలైంది. “నొప్పి పోయే తైలమేదైనా ఇవ్వండి అయ్యగారూ, రేపు పది చెట్లు ఒప్పుకున్నాను” అన్నాడు. గోడ పక్కన ఒంటికాలిపై నిలబడమన్నాను. నాలుగు లెక్కపెట్టేలోగా గోడ పట్టుకున్నాడు. తైలం ఇచ్చాను, పది చెట్లు మాత్రం మరొకరికి అప్పగించమన్నాను.

నొప్పి దేహానికి కావలివాడు. వానిని మాత్రతో నిద్రపుచ్చి చెట్టు ఎక్కడం ఎంతమాత్రం తగదు. పైగా ఆ మాత్రలను దీర్ఘకాలం వాడితే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. ఎండలో చెమటోడ్చి నీరు తక్కువ త్రాగేవారికి ఈ రెండవ అపాయం మరీ ఎక్కువ. నొప్పి తెలియకుండా ఉండడానికి మద్యం పుచ్చుకొని ఎక్కేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రక్తపోటుకు మందు వాడేవారు కూర్చుని లేవగానే కళ్ళు చీకట్లు కమ్ముతుంటే ఆ మాట వైద్యునితో చెప్పాలి. చెప్పి సరిచేసుకొనేవరకు చెట్టు ఎక్కకూడదు. మందును తమంతట తాము మానడమూ కూడదు. మధుమేహానికి మందు వేసుకొని పరగడుపున ఎక్కితే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకుతాయి. అట్టివారు తప్పక ఆహారం తీసుకొని, గంటసేపు ఆగి పనికి దిగాలి.

అర్ధశక్తి

వ్యాయామాన్ని తన బలంలో సగం వరకే చేయాలని వాగ్భటాచార్యుని ఉపదేశం. అదీ చలికాలంలోను, వసంతంలోను. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించమన్నాడు. నోటితో ఊపిరి తీయవలసి రావడం, నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, ఇవి సగం బలం వెచ్చమైనదనుటకు గుర్తులు. కూలికోసం చేసే శ్రమకు ఈ నియమం ఎట్లా కుదురుతుందని అడుగవచ్చు. పూర్తిగా కుదరదు. అయినా ఏభై దాటినవారు రోజుకు ఇన్ని చెట్లు అని లెక్క పెట్టుకోవడంకన్న ఈ గుర్తులను లెక్కలోనికి తీసుకోవడం మేలు. చెట్టు దిగిన తరువాత ఊపిరి సమపడి, నోటిలో తడి చేరేవరకు రెండవ చెట్టు ముట్టుకోకూడదు. వేసవిలో పొద్దెక్కకముందే పని ముగించాలి. ఎక్కేటపుడు కన్న దిగేటపుడే మోకాళ్ళపై భారం ఎక్కువ, అలసట కూడా అప్పటికే చేరి ఉంటుంది. కాబట్టి ఆఖరి చెట్టు అన్నిటికన్న పొట్టిదై ఉండాలి.

ఆహారంలో నువ్వులు, మినుములు, ఉలవలు, మునగాకు, రాగులు, పాలు, మజ్జిగ ఉండాలి. నల్లేరు పచ్చడి ఎముకలకు మంచిది. లేత కణుపులను ఈనెలు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు చేర్చి నూరాలి. సరిగా వేగకపోతే నోరు దురద పెడుతుంది. భుజాల, మోకాళ్ళ నొప్పులకు రాత్రివేళ మహానారాయణ తైలం గోరువెచ్చగా మర్దించి, వావిలాకు మరిగించిన నీటితో కాపడం పెట్టాలి. కాని వాపు ఎర్రబడి వేడిగా ఉన్నపుడు మర్దన పనికిరాదు. చీలిన అరికాళ్ళకు, అరచేతులకు నువ్వుల నూనెలో తేనెమైనం కరిగించి పూస్తే మెత్తబడతాయి. పాదాభ్యంగం పాదాలకు స్థైర్యాన్ని, కంటికి ప్రసన్నతను ఇస్తుందని చరకుడు చెప్పాడు. ఈ వృత్తివారికి కావలసినవి ఆ రెండే. అయితే నూనె పని ఏదైనా రాత్రి పడుకోబోయే ముందే జరగాలి. ఉదయం సున్నిపిండితో జిడ్డు పూర్తిగా పోయేటట్లు కడుగుకొనికాని కాండాన్ని తాకరాదు.

ఏటా ఒకసారి కంటి పరీక్ష తప్పనిసరి. నెలకొకసారి ఇంటివద్ద ఈ రెండు పరీక్షలు చేసుకోవాలి. పక్కన ఒక మనిషిని ఉంచుకొని, ఒంటికాలిపై పది లెక్కపెట్టేవరకు నిలువగలగాలి. తల వెనుకకు వంచి అర నిమిషం పైకి చూచినపుడు తల తిరగకూడదు. ఏ ఒక్కటి తప్పినా వైద్యుని చూచేవరకు చెట్టు మానాలి.

గృహస్థులు చేయదగినది

వాన పడి కాండం తడిసిన రోజున పిలువకండి. సాయంకాలం, “ఈ ఒక్క చెట్టూ కానిచ్చి పో” అనకండి. వయసు మళ్ళినవాడు వస్తే ఇంటిలోని కుర్రవాడినో, అతని కొడుకునో పైకి పంపి, కిందనుండి చూపించే పనికి అతనికి కూలి ఇవ్వండి. ఏ గెల ముదిరిందో, ఏ మట్ట ఊడివస్తుందో, మొవ్వులో పురుగు చేరిందో లేదో నేలమీదనుండే చెప్పగల కన్ను అతనిది. దూరదృష్టి చెడనంతకాలం ఆ విద్యకు విలువ ఉన్నది. పదిళ్ళ చెట్లు గుత్తకు ఒప్పుకొని, ఇద్దరు యువకులను పెట్టి దింపించుకొనే పెద్దలు కోనసీమలో హాయిగా బ్రతుకుతున్నారు. నిచ్చెన దిగినట్లు వృత్తిలోనూ మెట్టుమెట్టుగా దిగడం ఇదే. దీనిని నలభై అయిదవ ఏటనే ఆలోచించాలి, పడిన తరువాత కాదు.

కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో యువకులకు యంత్రంతో చెట్టెక్కడంలో శిక్షణ మొదలుపెట్టింది. చెట్టెక్కేవారికి కేర సురక్ష అనే బీమా కూడా ఆ మండలిదే. మీ ఇంటికి వచ్చే మనిషికి చదువు రాకపోతే ఆ దరఖాస్తు మీరు నింపి పెట్టవచ్చు. పెరటిలో కొత్త మొక్క నాటేవారు గంగాబొండాం వంటి పొట్టి రకాన్ని నాటుకుంటే, చాలా ఏళ్ళు ఎవరూ ఎక్కవలసిన పని ఉండదు. గెడకు కత్తి కట్టి కోసేవారు కరెంటు తీగలున్న చోట లోహపు గెడ వాడరాదు.

పడినపుడు

ఎవరైనా చెట్టుమీదనుండి పడితే చుట్టూ చేరినవారు చేసే మొదటి పని లేవదీసి కూర్చుండబెట్టి నీళ్ళు పట్టడం. ఇది చాలా హాని చేస్తుంది. వెన్నుపూస చిట్లినవానిని అట్లా వంచితే, కదులుతున్న కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. 108కి కబురు చేసి, పడిన భంగిమలోనే ఉంచి, తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోవాలి. కదల్చక తప్పనపుడు నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్లు దొర్లించి బల్లపైకి చేర్చాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. లేచి నడిచినా సరే, ఎత్తునుండి పడినవానిని ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిందే, లోపలి రక్తస్రావం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. తైలమర్దన, కాపడం, నాటు కట్టు అప్పుడు నిషిద్ధం. ఛాయాచిత్రం తీసి, పూసలు చెదరలేదని శల్యవైద్యుడు నిర్ధారించిన పిమ్మటనే మా వద్దకు తీసుకురండి.