మోకాలి నొప్పికి సర్జన్‌నే చూడాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. నాన్నగారికి 68 ఏళ్లు, మోకాలి నొప్పి. ఎముకల సర్జన్‌కి రాయమంటే, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌లోనే ఫిజియోథెరపిస్టును కలవమన్నారు. ఎక్స్‌రే కూడా తీయించలేదు. మమ్మల్ని వదిలించుకుంటున్నారా?

జవాబు: లేదండీ. మోకాలు నొప్పి అనగానే ఎక్స్‌రే కవరు పట్టుకుని నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లడం మనకు అలవాటు. ఇంగ్లండ్‌లో మాత్రం కీళ్ల సమస్యలు చూసే నైపుణ్యాన్నే జీపీ క్లినిక్‌లోకి తెచ్చారు. మొదటే కలిసే ఈ ‘ఫస్ట్ కాంటాక్ట్’ ఫిజియోలు కీళ్లు, కండరాల సమస్యల్లో బాగా అనుభవం ఉన్నవాళ్లు.

అక్కడ వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ ‘నైస్’ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 45 దాటినవాళ్లకు కదిలితే నొప్పి వస్తూ, పొద్దుటి బిగుతు అరగంటలోపే సడలితే, కీళ్ల అరుగుదల అని తేల్చడానికి మామూలుగా ఎక్స్‌రే అక్కర్లేదు. అసలు మందు వ్యాయామమే. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నిటారుగా చాపించి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించమనండి. తొడ ముందు కండరం బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. ఆ కండరం బలపడితే మోకాలికి ఆసరా. మొదట్లో నొప్పి కాస్త పెరగొచ్చు, చాలామంది అక్కడే మానేస్తారు. ఆయన్ని మాననివ్వకండి.

భాష ఇబ్బందైతే ముందుగానే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంత చేసినా నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే సర్జన్‌కి రాయమని గట్టిగా అడగండి. వయసు, బరువు చూపించి కాదనకూడదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మోకాలు వేడెక్కి, వాచి, జ్వరం వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.