పోటీ పరీక్షల ప్రత్యేకం: రోటవేటర్ కొనాలా, బాడుగకు తేవాలా?

సూత్రం ఒకటే: ఏడాది స్థిర ఖర్చు ÷ (ఎకరా బాడుగ − సొంత యంత్రంతో ఎకరా ఖర్చు) = బ్రేక్ ఈవెన్ విస్తీర్ణం (కొన్నా, బాడుగకు తెచ్చినా ఏడాది ఖర్చు సమానమయ్యే ఎకరాలు).

ట్రాక్టర్ ఉన్న గుంటూరు మిర్చి రైతు రూ.1,20,000 పెట్టి రోటవేటర్ కొన్నాడనుకుందాం. ఆయుష్షు 8 ఏళ్లు, చివరి విలువ 10 శాతం. ఏటా తరుగుదల రూ.13,500, సగటు పెట్టుబడి రూ.66,000పై 10 శాతం వడ్డీ రూ.6,600 (అభ్యర్థులు మరిచేది ఇదే). షెడ్డు, బీమా రూ.2,400. మొత్తం రూ.22,500. ఎకరా బాడుగ రూ.1,500, సొంత ఖర్చు రూ.1,000 అయితే తేడా రూ.500. జవాబు ఏటా 45 ఎకరాలు.

ఇక బాడుగకు బదులు లీజుకు తీసుకుంటే, కిస్తీల వర్తమాన విలువ కొనుగోలు నికర వర్తమాన వ్యయానికి సమానమయ్యే కిస్తీయే బ్రేక్ ఈవెన్ చెల్లింపు.

రైతులు బృందంగా కలిసి యంత్రాలు కొనేందుకు 2022 జూన్ 7న గుంటూరులో మొదలైన వైఎస్సార్ యంత్ర సేవా పథకంలో రాయితీ 40, బ్యాంకు రుణం 50, రైతు బృందం వాటా 10 శాతంగా ఉండేవి. పై లెక్కన అయిదెకరాల రైతుకు విడిగా కొనడం నష్టమే.