గుండె గీత - ఊపిరి యల

విద్యార్థులారా, వైద్యశాలలో తీయు ఇ.సి.జి. గీతను మీలో పెక్కురు చూచియే యుందురు. గుండె కొట్టుకొనునపుడు పుట్టు విద్యుత్తు చర్మమున కంటించిన తీగల గుండ యంత్రమును జేరి కాగితముపై గీతగా పడును. అది సుమారొక మిల్లీవోల్టు మాత్రమే. కావున రోగి ఊపిరి తీసినంతనే గీత యంతయు మెల్లగా పైకి లేచి క్రిందికి దిగుచుండును. ఈ ఊపిరి యలను తొలగించి గుండె గీతను నిలుపుట యెట్లు?

ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫూరియే 1822లో ప్రకటించిన ఉష్ణసిద్ధాంత గ్రంథము దీనికి దారి చూపినది. వంకర గీతను వేర్వేరు వేగముల నూగు నున్నని తరంగముల మొత్తముగా విడదీయవచ్చును. సెకండున కెన్నిమార్లూగునో అది పౌనఃపున్యము. దాని కొలత హెర్ట్జ్.

ఇరువది సెకండ్ల గీతను తీసికొందము. దీనిని విడదీసిన, 20 సెకండ్లలో ఒకమారూగునది, రెండుమార్లూగునది, మూడుమార్లూగునది, ఇట్లు వరుసగా తరంగములు వచ్చును. నిమిషమునకు 15 ఊపిరులైన, ఊపిరి యల 5వ స్థానమున నుండును. నిమిషమునకు 72 మార్లు సమముగా కొట్టుకొను గుండె 24, 48, 72 మొదలగు స్థానములందుండును. (గుండె గీత కోసుగా లేచునది గాన, దాని కొక్క తరంగము చాలదు.) 10వ స్థానమునకు, అనగా అర హెర్ట్జునకు, క్రిందివాని నన్నిటిని సున్న చేసి, మిగిలినవానిని మరల కూడుడు. ఊపిరి పోయినది, గుండె నిలిచినది! చేతితో చేసిన దినములు పట్టు ఈ లెక్కను, 1965లో కూలీ, టూకీ యను వారు ప్రకటించిన విధానముచే కంప్యూటరు క్షణములో ముగించును.

అయితే వడపోతకు ఊపిరి యేదో గుండె యేదో తెలియదు. మందమైనది, శీఘ్రమైనది, ఇంతే దానికి తెలియును. హద్దును 30వ స్థానమున కెత్తిన గుండె తరంగమే తెగిపోవును. అంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. గుండె గీతలోని కోసు దిగిన పిమ్మట గీత కొంతసేపు దాదాపు సమముగా నడచును. వైద్యులు దీనిని ఎస్‌టీ భాగమందురు. గుండె కండరమునకు రక్తము చాలనపుడు ఈ భాగము క్రిందికి గాని పైకి గాని జరుగవచ్చును. కండెన్సరుతో చేసిన సామాన్యమైన వడపోత తరంగములను తగ్గించుటయే గాక, హద్దునకు దగ్గరివానిని కాలములో ముందునకు జరుపును. హద్దు అర హెర్ట్జైనచో, ఆరోగ్యవంతుని ఎస్‌టీ భాగము కూడ క్రుంగినట్లు కనబడవచ్చును. లేని వ్యాధి కాగితమున కెక్కును!

మనము పైని చేసిన రీతిలో పరిమాణములు మాత్రమే మారును గాని తరంగములు చోటు తప్పవు; కావున హద్దు కొంత పైకున్నను ఇంతటి హాని లేదు. సున్న చేయుటయు ఒక్కసారిగా గాక, హద్దు చెంత క్రమముగా తగ్గించుట మేలని నా యభిప్రాయము. నిలువుగా కోసినచో గీతలో లేని చిన్న యలలు పుట్టును.

వ్యాధి నిర్ణయమునకు తీయు గీతకు సామాన్యపు వడపోతయైనచో 0.05 హెర్ట్జును హద్దుగా నుంచుట వాడుక. మన లెక్కలో అది 1వ స్థానము. 5వ స్థానమందలి ఊపిరి యల అట్లే నిలుచును. గీత తీయువారు రోగిని కదలక పరుండి, మెల్లగా ఊపిరి తీయుమని చెప్పుట కిదియు నొక కారణము.